పాషన్ పండు తీగె - పందిరి వేయకముందే ఆలోచింపవలసిన సంగతులు

ఈ మధ్య గ్రామములకు పోయినప్పుడు రైతులు సెల్‌ఫోను తీసి, పందిరి క్రింద వ్రేలాడుచున్న పసుపుపచ్చని గుండ్రని కాయల బొమ్మను చూపి "ఇది మన నేలలో వచ్చునా?" అని అడుగుట పరిపాటి అయినది. అది పాషన్ పండు తీగె. నా సమాధానము ఎప్పుడును ఒక్కటే. తీగె తప్పక వచ్చును; కాయ వచ్చునా, కాయను కొనువాడు వచ్చునా అన్నవి వేరు సంగతులు.

ఇట్లు చెప్పినపుడు కొందరు యువకులు నన్ను క్రొత్త పంటలకు అడ్డుపడు మనిషిగా తలచుచున్నారు. అది నిజము కాదు. నేను చూచిన ఒక నష్టము, అందులో నా వంతు తప్పు, మరియొక రైతునకు పట్టకూడదని మాత్రమే ఇది వ్రాయుచున్నాను.

ముందు తీగెను గూర్చి నాలుగు మాటలు. మన ఊళ్లలో కృష్ణకమలము, రాఖీ పువ్వు, కొన్నిచోట్ల కౌరవ పాండవ పువ్వు అని పిలుచు తీగె అందరును ఎరిగినదే. పువ్వు చుట్టునున్న సన్నని నూరు దారములు కౌరవులనియు, నడుమనున్న ఐదు పుప్పొడి తిత్తులు పాండవులనియు, వానిపైనున్న మూడు కీలాగ్రములు త్రిమూర్తులనియు పెద్దలు చెప్పుదురు. దక్షిణ అమెరికాకు పోయిన స్పెయిన్ దేశపు క్రైస్తవ బోధకులు ఇదే పువ్వులో క్రీస్తు శిలువ బాధలను చూచిరి. దారములు ముండ్ల కిరీటము, మూడు కీలాగ్రములు మూడు మేకులు, ఐదు తిత్తులు ఐదు గాయములు. 'పాషన్' అనగా ఆ బాధ అనియే అర్థము. కోరిక అని కాదు. ఒకరు భారతమును చూచినచోట మరియొకరు శిలువను చూచిరి. పువ్వు మాత్రము ఇద్దరికొరకు కాక తుమ్మెదకొరకు అట్లు పుట్టినది. ఆ సంగతికి తరువాత వచ్చెదను.

పెరటిలోని కృష్ణకమలము, పండ్ల తీగె ఒకే కుటుంబమునకు చెందినను ఒకే మొక్క కావు. అందముకొరకు పెంచు తీగెనుండి ముక్క తెచ్చి పండ్లకొరకు ఎదురుచూచినవారిని నేనెరుగుదును. పండ్ల తీగెలో ముఖ్యముగా రెండు రకములు గలవు. ఊదారంగు కాయది ఒకటి. ఇది బ్రెజిలు దక్షిణ భాగము, పరాగ్వే, అర్జెంటీనా ఉత్తర భాగములకు చెందినది, చల్లని కొండనేలలను కోరును. మన దేశములో నీలగిరులు, కొడైకెనాలు, వయనాడు, కొడగు ప్రాంతములలోను, ఈశాన్యమున మణిపురము, నాగాలాండు, మిజోరాములలోను పండుచున్నది. రెండవది పసుపు కాయది; ఇది వేడిమి గల పల్లపు ప్రాంతములకు తగును. కాయ ఊదా కాయకంటె పెద్దది, పులుపు హెచ్చు. కొడగులోని చెట్టల్లి ఉద్యాన ప్రయోగ కేంద్రమున ఈ రెండింటిని కలిపి 'కావేరి' అను సంకర రకమును తయారు చేసిరి. కోస్తా మైదానములోను, తెలంగాణ పీఠభూమిలోను ఊదా రకము నాటి పూత రాలేదని వాపోవుట వృథా. సుమారు 900 మీటర్ల ఎత్తునున్న అరకు వంటి చోట్ల రెండు రకములను నాలుగేసి పాదులు పెట్టి చూచుట మంచిది. తక్కినచోట్ల పసుపు రకమును గూర్చియే మాటలాడవలెను. ఇక మీదట నేను చెప్పునది చాలవరకు దానిని గూర్చియే.

ఇప్పుడు నష్టము సంగతి. కొన్నేండ్ల క్రిందట కోస్తాలో ఒక రైతు అర ఎకరములో ఈ తీగె వేసెను. కష్టజీవి, చదువుకొన్నవాడు. బంధువుల ఊరిలో ఒక పెరటి తీగె విరగకాయుట చూచి, ఆ ఒక్క తీగెనుండియే ముక్కలు కోసి తెచ్చి, సంచులలో వేరు పట్టించి, మూడేసి మీటర్ల ఎడముతో సుమారు 220 పాదులు నాటెను. అప్పు తెచ్చి రాతి స్తంభములు పాతించి, ఇనుప తీగె లాగి పందిరి వేసెను. తీగె అల్లుకొన్న తీరు చూచి ఊరివారు సంబరపడిరి. తొమ్మిదవ నెలలో పూత మొదలై పందిరి నిండెను. కాయ మాత్రము లేదు.

నన్ను పిలిపించెను. "పూలు పూసినవి పూసినట్టే రాలిపోతున్నాయండీ. ఏం మందు కొట్టమంటారు?" అని అడిగెను. ఎరువు సరిపోయినదా, నీరు సరిపోయినదా అని చూచితిని, సరిపోయినవి. ఆకు ఆరోగ్యముగా ఉన్నది. పూత నిలుచుటకు ఒక మందును, పూవులో కనబడిన తామర పురుగులకు మరియొక పురుగుమందును చీటీపై వ్రాసి యిచ్చితిని. ఆయన శ్రద్ధగా రెండుమార్లు చల్లెను. అప్పటివరకు అక్కడక్కడ నిలిచిన పిందెలును ఆగిపోయినవి.

కారణము కనిపెట్టినది నేను కాను, ఆయన భార్య. మరల పోయినప్పుడు ఆమె అన్నది: "బాబూ, నూతిగట్టు పక్కనున్న నాలుగు పాదులకే కాయలు పడ్డాయి. అక్కడ పిల్లలు పండు తిని ఉమ్మిన గింజ మొలిచింది చూడండి, దాని చుట్టూరానే." పోయి చూచితిని. నిజమే. ఎవరును నాటని ఒక గింజ మొక్క, దాని చుట్టు నాలుగైదు పాదులకు కాయ. తక్కిన రెండువందల పైచిలుకు పాదులు ఒట్టి ఆకు పందిరి.

సంగతి ఏమనగా, పసుపు రకము తన పుప్పొడితో తాను ఫలదీకరణ చెందదు. ఒక తీగెకు వేరొక తీగె పుప్పొడి కావలెను. ఒకే తల్లి నుండి కోసిన ముక్కలు రెండువందలైనను, రెండువేలైనను ప్రకృతి దృష్టిలో అవన్నియు ఒకే తీగె. వానిలో ఒకదాని పుప్పొడి మరియొకదానికి పనికిరాదు. ఆ రైతు నాటినది 220 పాదులు కాదు. ఒక్క పాదును 220 చోట్ల నాటెను. మామిడిలో మంచి చెట్టునుండి అంటు కట్టుకొనుట మనకు తాతల నాటి అలవాటు. మంచి తల్లి, మంచి పిల్ల అన్న ఆ నమ్మకమే ఇక్కడ ఆయనను ముంచెను. బంధువుల పెరటిలో ఆ తీగె విరగకాయుటకు ఇరుగుపొరుగున వేరొక తీగె ఉండియుండవలెను. దానిని ఎవరు చూచిరి?

ఈ సంగతి పుస్తకములలో ఉన్నదే. నేను చదువకపోతిని. పంట కొత్తది కదా అని తెలిసిన పంటల మందు వ్రాసి యిచ్చితిని. తెలియనప్పుడు "తెలియదు, కనుగొని వచ్చెదను" అని చెప్పుట మా ఉద్యోగములో చిన్నతనమని తలచుదుము. ఆ చిన్నతనమునకు వెరచి నేనిచ్చిన చీటీ ఆయన అప్పును పెంచినది.

ఇక నేను వ్రాసిన పురుగుమందు చేసిన చెరుపును చెప్పవలెను. ఈ పువ్వు పెద్దది. పుప్పొడి బరువుగా, జిగటగా ఉండును, గాలికి ఎగురదు. తిత్తులు క్రిందికి తిరిగి, తేనె గిన్నె పైన గొడుగువలె ఉండును. తేనె త్రాగుటకు దిగిన పురుగు వీపు ఆ గొడుగునకు తగిలినగాని పుప్పొడి అంటదు. తేనెటీగ చిన్నది, దాని వీపు అందదు. అది పుప్పొడిని దోచుకొనిపోవునేగాని కీలాగ్రమునకు అంటించుట అరుదు. సరిగా అందునది నల్లని పెద్ద తుమ్మెద. ఇంటి దూలములకు, వాసములకు, ఎండు వెదురునకు గుండ్రని కన్నము తొలిచి, జుమ్మని రొద చేయుచు తిరుగునది అదియే. పిల్లలు దానిని చూచి పరుగెత్తుదురు. నిజమునకు మగ తుమ్మెదకు కొండియే లేదు. ఆడది కూడ పట్టుకొని నలిపిననే తప్ప కుట్టదు.

పసుపు రకపు పువ్వు ఇంచుమించు మధ్యాహ్నము విచ్చి, రాత్రి తొమ్మిది పది గంటలకు ముడుచుకొనును. ఒక పువ్వునకు ఆ ఒక్క పూటయే ఆయువు. ఊదా రకము తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నము లోపుననే ముడుచుకొనును. ఆ రైతు సాయంత్రపు చల్లనివేళ మందు కొట్టెను, మంచి రైతు కొట్టునట్లే. అది సరిగా పూవు విచ్చి తుమ్మెదలు తిరుగు వేళ. ఆయన పందిరి వెదుళ్లలోని కన్నములు మరుసటి వారమునకు పాడువడెను.

కావున ఈ తీగెను పెట్టువారు తుమ్మెదను పందిరి దూలము తినివేయు శత్రువుగా చూడరాదు. నాలుగు ఎండు వెదురు బొంగులను ఒకవైపు కణుపు మూసియుండునట్లు కోసి, పందిరి క్రింద వాన తగులని చోట అడ్డముగా కట్టవలెను. అది తొలుచుకొనుటకు ఆ బొంగులుండగా స్తంభపు వెదురు జోలికి అంతగా రాదు. తీగెకు పూత లేని నెలలలో దానికి ఆహారము కావలెను. గట్లపై జనుము, కంది ఉన్నచో చాలును. జిల్లేడు పువ్వులను కూడ అది వదలదు. చేను శుభ్రము పేరిట గట్టుపైనున్న ప్రతి జిల్లేడును నరకువారిని చూచినపుడు నాకు ఈ మధ్య బాధ కలుగుచున్నది. మందు కొట్టక తీరనిచో తెల్లవారుజామున, పూవు విచ్చుటకు చాల ముందుగా, వేప సంబంధమైన మందులతో సరిపెట్టుకొనవలెను.

తుమ్మెదలు చాలనిచోట చేతితోనే పుప్పొడి అంటింపవలెను. బ్రెజిలు దేశమున పెద్ద తోటలలో కూలీలను పెట్టి ఈ పని చేయించుచున్నారు. మధ్యాహ్నము పూవు విచ్చిన గంటకు, తలయెత్తియున్న కీలాగ్రములు క్రిందికి వంగిన పిదప, ఒక పాదు పుప్పొడిని వ్రేలితో తీసి వేరొక పాదు పూవుకు తాకించుటయే పని. పుప్పొడి తడిసినచో పగిలి చెడును. అంటించిన గంటన్నర లోపుగా వాన పడిన శ్రమ వృథా. రెండు గంటలు గడచినచో భయము లేదు. పని తేలికయే. కాని మూడు మీటర్ల ఎడము చొప్పున ఎకరమునకు సుమారు 450 పాదులు పట్టును. పందిరి నిండ పూసిన దినమున ఎర్రటి ఎండలో తలయెత్తి ఈ పని చేయుటకు ఎంతమంది కావలెనో, మీ ఊరిలో మధ్యాహ్నపు కూలి ఎంత ఉన్నదో మీరే లెక్క వేసికొనుడు. ఇంటిల్లిపాది కలిసి పది ఇరువది పాదులకు చేసికొనవచ్చును. ఎకరమునకు చేయుట వేరు.

మన చేలగట్లపై దానంతట అదియే ప్రాకు ఒక చుట్టమును కూడ చెప్పవలెను. కంచెలమీద, రైలు కట్టలప్రక్క, బీడులలో అల్లుకొనును. కాయ చిన్న గోలీయంత. దాని చుట్టు ఆకుపచ్చని వలవంటి తొడుగు. ఆకు నలిపిన ఒకవిధమైన చెడు వాసన. దీనిని తెల్లజుమికి అందురు. ఇదియు అమెరికా ఉష్ణప్రాంతములనుండి వచ్చినదే. పశువుల కాపరి పిల్లలు పసుపు నారింజ రంగుకు తిరిగిన కాయలను తినుట అందరు చూచినదే. పండినది తిన్న దోషములేదు. పచ్చికాయయందు, ఆకునందు విషపదార్థము ఏర్పడు గుణము గలదు గావున పిల్లలకు ఆ తేడా చెప్పవలెను. తొడుగుపైనున్న జిగట నూగునకు చిన్న పురుగులు అంటుకొని చచ్చుటను భూతద్దము లేకయే చూడవచ్చును. కాయను కాపాడుకొనుటకు ఆ తీగె చేసికొన్న ఏర్పాటది.

పండ్ల తీగె పెట్టదలచినవారు ఈ జుమికిని పందిరి సమీపమున ఉంచరాదు. నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి దీనిపై గ్రుడ్లు పెట్టును. ముండ్ల నూగుతోనున్న దాని గొంగళిపురుగులు గుంపులుగా ఆకును తినివేయును. ఆ పురుగులకు పండ్ల తీగె ఆకు కూడ రుచించును. ఇంతకంటె ముఖ్యము, పండ్ల తీగెకు వచ్చు వైరస్ తెగుళ్లకు ఈ అడవి తీగె ఆశ్రయమిచ్చును. పేనుబంక అక్కడినుండి ఇక్కడికి మోయును. వైరస్ తగిలిన తీగెకు ఆకు మచ్చలు పడి ముడుతలగును, కాయ చిన్నదై, పైతోలు కొయ్యవలె గట్టిపడి, లోన గుజ్జు లేకుండును. అట్టి తీగెకు మందు లేదు. పీకి తగులబెట్టవలసినదే. దానిని కోసిన కత్తితో మంచి తీగెను కోయరాదు.

నేల విషయము ఎక్కువ చెప్పనక్కరలేదు. నీరు నిలువని నేల కావలెను. వరి మడి ప్రక్కన, కాలువ ఊట దిగు చోట నాటినచో మొదలు కుళ్లి ఒక్క వానాకాలములో పోవును. నేలలోని ఎండుతెగులును పసుపు రకము ఊదా రకముకంటె బాగుగా తట్టుకొనును. అందుచేతనే కొన్ని దేశములలో పసుపు రకపు మొదలుపై ఊదా రకమును అంటు కట్టుదురు. కాయ క్రొత్త కొమ్మకే వచ్చును గనుక కాపు ముగియగానే ప్రాత కొమ్మలను కత్తిరింపవలెను. కత్తిరింపనిచో పందిరిపై తీగె గడ్డివామువలె పేరుకొని వెలుతురు దిగదు. నాలుగైదేండ్లు దాటిన తీగెనుండి మంచి కాపు ఆశింపరాదు. రాతి స్తంభమునకు ముప్పది ఏండ్ల ఆయువు ఉండవచ్చును, దానిపై తీగెకు లేదు. పందిరి ఖర్చును లెక్క వేయునప్పుడు చాలమంది ఈ తేడా మరచుచున్నారు.

మరల ఆ రైతు వద్దకు వచ్చెదను. మరుసటి ఏడు ఆయన నూతిగట్టు తీగె కాయలనుండి, మరి రెండు ఊళ్లనుండి తెచ్చిన కాయలనుండి గింజలు తీసి మొక్కలు పెంచి, నాలుగవ పాదునకు ఒకటి చొప్పున పాతవానిని పీకి వీనిని నాటెను. మందులు మానెను. ఆ పై ఏడు కాయ బాగుగనే వచ్చెను. అప్పుడు రెండవ కథ మొదలయ్యెను.

పండు పండినప్పుడు దానంతట అది రాలును. పచ్చిగా కోసిన సువాసన రాదు. రాలినది రెండు మూడు దినములలో పైతోలు ముడుతలు పడును. ముడుతపడినదే లోన తియ్యగా ఉండును. కాని బజారులో కొనువానికి ఆ ముడుత కుళ్లువలె కనబడును. ఆయన గంపలో పట్టణమునకు తీసికొనిపోగా అమ్మకపు స్త్రీలు కోసి చూచి, "ఇదేం కాయండీ, అంతా గింజలే, పులుపు" అని తిప్పి పంపిరి. పండ్ల రసపు దుకాణములవారు ఇద్దరు వారమునకు పది కిలోలు తీసికొందుమనిరి. అర ఎకరమునకు అది ఏ మూలకు? మూడవ ఏట ఆయన రెండు వరుసల పాదులు ఉంచి తక్కిన పందిరిపై బీర, కాకర ఎక్కించెను. అప్పు బీరకాయతో తీరినది.

ఇది ఒక్క మన ఊళ్ల సంగతియే అనుకొనరాదు. పసిఫిక్ సముద్రములోని హవాయి దీవులలో 1951వ సంవత్సరమున ఈ తోటలు అయిదు ఎకరములు కూడ లేవు. అక్కడి విశ్వవిద్యాలయమువారు ఈ పంటను ఎన్నుకొని ముందు రసమును చిక్కపరచి గడ్డకట్టించి నిలువచేయు పద్ధతిపై పని చేసిరి. కాయను ఏమి చేయవలెనో ముందు తేల్చుకొని, దానిని బట్టి తోటలను పెంచిరి. 1958 నాటికి 1,200 ఎకరములు అయినవి. అంత బలమైన పునాది గల పరిశ్రమ కూడ తరువాత వైరస్ తెగులు, కూలి రేట్లు, భూమి వెల పెరుగుట అను మూడింటికి తట్టుకొనలేక సమసిపోయెను. వారు అనుసరించిన వరుస మనకు కావలెను: ముందు రసము, తరువాత తోట. మన ఊళ్లలో వరుస తలక్రిందులుగా నడచుచున్నది. ముందు స్తంభములు, పిదప మొక్కలు, ఆ పిదప కాయలు, చిట్టచివర కొనువానికొరకు వెదకులాట.

కావున నా అభిప్రాయము చెప్పెదను. మా శాఖలోనే దీనితో ఏకీభవింపనివారు గలరని నాకు తెలియును. కొనువాడు ఎవరో తేలనిదే ఈ పంటకొరకు క్రొత్త పందిరికి అప్పుగాని, రాయితీగాని ఇప్పింపరాదు. ఇప్పటికే బీర, కాకర, దొండలకు పందిరి ఉన్న రైతు ఒక అంచున పది పండ్రెండు పాదులు ఎక్కించుకొనుటకు ఎవరి అనుమతి అక్కరలేదు, పెద్ద ఖర్చు లేదు. పాదులు వేరువేరు తల్లుల గింజలనుండి రావలెను, అంతే. రెండేండ్లు చూచి, పూత ఎప్పుడు వచ్చుచున్నది, తుమ్మెద ఉన్నదా, మీ చుట్టుపట్ల రసపు దుకాణములు, హోటళ్లు ఎంత తీసికొనుచున్నవి అని వ్రాసి పెట్టుకొనవలెను. పది ఊళ్లలో పదిమంది ఇట్లు చేసినచో ఒక మండలమునకు సరిపడు లెక్క చేతికి వచ్చును. ఏ పండ్ల రసపు కంపెనీతోనైనను మాటలాడుటకు అప్పుడే నోరు లేచును.

"చిన్నగా చేసిన దేనికిని బజారు రాదు, పెద్దగా వేసిననే కొనువారు లారీ పంపుదురు" అని కొందరు వాదించుచున్నారు. ఈ మాటలో కొంత నిజము గలదు. ఒక్క గంపకు లారీ రాదు. కాని లారీ వచ్చునను ఆశతో అర ఎకరము రాతి స్తంభము పాతినవాడు ఒంటరివాడు. లారీ రానినాడు అతని వెంట ఎవరును లేరు. ఉత్పత్తిదారుల సంఘము ముందుగా కాగితముపై ధర, పరిమాణము, కాయ నాణ్యము వ్రాయించుకొన్నచోట పెద్దగా వేయుటకు నేను అడ్డుచెప్పను. ఆ కాగితమును నాకు చూపుడనియే నేను అడుగుచున్నాను.

గ్రామ ఉద్యాన సహాయకులకును, రైతు సేవా కేంద్రములలోని వారికిని ఒక మనవి. మొక్కలు అమ్మువాడు వచ్చినపుడు "ఇవి ముక్కలా, గింజ మొక్కలా? ముక్కలైనచో ఎన్ని తల్లులనుండి కోసితివి?" అని మీ ఎదుట రైతు అడుగునట్లు చూడుడు. సమాధానము చెప్పలేనివాని మొక్కలను ఊరిలోనికి రానీయకుడు. పూత రాలినదని రైతు వచ్చినపుడు మందు చీటీకి ముందు మధ్యాహ్నము రెండు గంటలకు పందిరి క్రింద అరగంట కూర్చుండుడు. తుమ్మెద రొద వినబడినదా లేదా అన్నది ఏ పరీక్షశాలయు చెప్పలేదు.

మహిళా సంఘములవారికి ఇందులో చక్కని పని గలదు. గుజ్జును పలుచని గుడ్డలో వడబోసి, గింజలు తీసి, పంచదార పాకముతో కలిపి సీసాలకెత్తిన వేసవి షరబత్తునకు వాసన అమోఘము. కాయలో మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు కొంత హెచ్చుగ రసము దిగును. ముడుతపడి బజారులో చెల్లని కాయ ఇక్కడ మొదటి రకము కాయ అగును. సీసాను అమ్మదలచినవారు ఆహార భద్రతా నమోదు పత్రము తీసికొనవలెను. పది పాదుల పెరటికి ఈ మార్గము చాలును. ఇంటివారు, చుట్టములు త్రాగిన తరువాత మిగిలినదే అమ్మకము.

గింజలు ఎట్లు పెట్టవలెనని అడుగువారికొరకు. బాగుగా పండి రాలిన కాయలను కనీసము మూడు నాలుగు వేరువేరు తోటలనుండి తేవలెను. గుజ్జును ఒకటి రెండు దినములు పులియబెట్టి, ఇసుకతో నలిపి కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే నాటవలెను. తాజా గింజ రెండు మూడు వారములలో మొలచును. నిలువ గింజ ఆలస్యము చేయును, చాలవరకు మొలవదు. మార్చి, ఏప్రిల్ నెలలలో సంచులలో పెట్టిన మొక్కలు తొలకరికి జానెడున్నర ఎదుగును. ఒక్కొక్క సంచిపై ఏ ఊరి కాయనుండి వచ్చినదో సుద్దతో గురుతు పెట్టి, నాటునప్పుడు ఒకే గురుతు గలవి రెండు ప్రక్కప్రక్కన పడకుండ చూచుకొనవలెను. పాదు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు త్రవ్వి, బాగా చివికిన పశువుల ఎరువును మట్టితో కలిపి నింపి, మొదలు చుట్టు నేల కొంచెము మెరకగా ఉండునట్లు కట్టి నాటవలెను.